గోల్డెన్ నైట్స్ తొలి సీజన్ టికెట్: గోల్ వెనక పై వరస నుంచి నా రివ్యూ

లాస్ వేగాస్ ఐస్ హాకీ జట్టు వేగాస్ గోల్డెన్ నైట్స్ మొట్టమొదటి ఏడాది, అంటే 2017-18లో, సీజన్ టికెట్ కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను. రెండు సీట్లు, ఆఫీసులో ఇంకొకతనితో సగం సగం. మొత్తం 41 హోం మ్యాచ్‌లు, నా వాటాకి 20, ఆపైన ప్లేఆఫ్స్. ఈ మధ్య లాస్ వేగాస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది "హాకీ సీజన్ టికెట్ తీసుకోవచ్చా, అంత డబ్బు దండగ కాదా" అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా ఒకేసారి రాసేస్తే మంచిదనిపించింది. నా జవాబు: తీసుకోండి. నేను డబ్బు పెట్టి కొన్నవాటిలో ఇంతగా గిట్టుబాటైంది ఇంకోటి లేదు.

నాకు అప్పటికి ఐస్ హాకీ అంటే అక్షరం ముక్క తెలియదు. క్రికెట్ చూసి పెరిగిన కళ్లు. మొదటి రెండు మ్యాచ్‌లు పక్ (హాకీలో బంతికి బదులుండే నల్ల బిళ్ల) ఎక్కడుందో కూడా కనపడలేదు, జనం అరిచాక నేను అరిచేవాణ్ణి. తర్వాత పక్క సీటాయన ఒక మాట చెప్పాడు: పక్‌ని వెతక్కు, ఆటగాళ్లు ఎటు తిరుగుతున్నారో చూడు, పక్ అదే దొరుకుతుంది. అంతే, ఒక్క సాయంత్రంలో ఆట అర్థమైపోయింది. నలభై యాభై సెకన్లకోసారి ఒక గుంపు బెంచ్ మీదికి దూకడం, ఇంకో గుంపు మంచు మీదికి దిగడం, ఇదంతా ఆట ఆగకుండానే జరగడం... దాన్నే లైన్ ఛేంజ్ అంటారు, నాకైతే గోల్స్ కన్నా అదే ముందు నచ్చింది.

సీటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేముందు నాకెవరూ చెప్పలేదు. హాకీలో 20 నిమిషాల పీరియడ్లు మూడు, ప్రతి పీరియడ్‌కీ జట్లు వైపులు మారతాయి. అంటే హోం జట్టు మొదటి, మూడో పీరియడ్లలో ఒకే వైపు గోల్ మీద దాడి చేస్తుంది. మా సీట్లు సరిగ్గా ఆ గోల్ వెనక, పై అంచెలో. కింద అద్దం పక్కన కూర్చుంటే దెబ్బలు దగ్గరగా కనపడతాయి కానీ అవతలి సగంలో ఏం జరుగుతోందో తెలియదు. పైనుంచి చూస్తే ఆట మొత్తం బొమ్మ గీసినట్టు ఉంటుంది, పాస్ వెళ్లకముందే ఖాళీ ఎక్కడుందో మీకు కనపడిపోతుంది. డబ్బు తక్కువ, ఆట ఎక్కువ. రెండో పీరియడ్‌లో మాత్రం మావాళ్ల దాడి దూరమైపోతుంది, అదే పీరియడ్‌లో డిఫెండర్లకి బెంచ్ కూడా దూరమై, అలిసిపోయినా మారలేక ఇరుక్కుపోతుంటారు. అది తెలిశాక ఆ 20 నిమిషాలు కూడా బోరు కొట్టవు.

ఇక అక్టోబర్ 10. అది రాయకుండా ఈ సీజన్ గురించి ఏం రాసినా అబద్ధమే. అక్టోబర్ 1 రాత్రి ఊళ్లో మ్యూజిక్ ఫెస్టివల్ మీద కాల్పులు జరిగాయి, అప్పటి లెక్క ప్రకారం 58 మంది పోయారు. తొమ్మిది రోజుల తర్వాత మా మొదటి హోం మ్యాచ్, అరిజోనా కయోటీస్ మీద. వెళ్లాలా వద్దా అని ఇంట్లో చాలా అనుకున్నాం, చివరికి మా ఆవిడే వెళ్దాం పదమంది. రింక్ చుట్టూ ఉండే గోడల మీద ఒక్క ప్రకటన కూడా లేదు, తెల్లటి గోడ మీద 'వేగాస్ స్ట్రాంగ్' అన్న మాటలే ఉన్నాయి. ఆ రాత్రి సాయం చేసిన పోలీసులు, ఫైర్ సిబ్బంది, డాక్టర్లు, నర్సులు ఆటగాళ్ల పక్కన వచ్చి నిలబడ్డారు. 58 సెకన్ల మౌనం. పదిహేడు వేలమందికి పైగా ఉన్న చోట ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు మూడు వరసల అవతల నుంచి నాకు వినపడింది. తర్వాత మా డిఫెండర్ డెరిక్ ఎంగెలాండ్ మైకు అందుకున్నాడు. పెద్ద స్టార్ కాదు, కానీ చిన్న లీగ్‌లో ఇదే ఊరి జట్టుకి ఆడినప్పటి నుంచి ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉన్నవాడు. మీరూ ఈ ఊరూ కోలుకోవడానికి మా చేతనైందంతా చేస్తాం అని చాలా మామూలుగా చెప్పి వెళ్లాడు. ఆట మొదలైన 11 నిమిషాల్లోపే 4 గోల్స్, అన్నీ మా ముందున్న గోల్‌లోనే. అందులో రెండోది ఆ ఎంగెలాండే కొట్టాడు, అసలు గోల్స్ కొట్టే మనిషే కాదు. మా ఆవిడకి అప్పటికి హాకీ తెలియదు, ఎవరు కొట్టారో అర్థమయ్యాక నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. 5-2తో గెలిచాం.

జట్టు ఎలా తయారైందో తెలిస్తే రుచి ఇంకా పెరుగుతుంది. లీగ్‌లో చేరడానికి ఓనర్లు 500 మిలియన్ డాలర్లు కట్టారు, దానికి బదులుగా మిగతా 30 జట్లు తలా ఒక ఆటగాణ్ణి వదులుకోవాలి. మంచివాళ్లని ఎవరు వదులుతారు? తమకి అక్కర్లేదనుకున్నవాళ్లే వచ్చారు. కొలంబస్ అయితే విలియం కార్ల్‌సన్‌ని తీసుకోమని ఎదురు డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే తన వంతులు) ఇచ్చింది. అంతకుముందు ఏడాది అతనివి 6 గోల్స్, ఇక్కడ 43! ఫ్లోరిడా వదిలేసిన జొనాథన్ మార్షెసో, రైలీ స్మిత్ అతనికి రెండు పక్కలా. కోచ్ జెరార్డ్ గాలంట్‌ని కూడా అదే ఫ్లోరిడా 2016లో పరాయి ఊళ్లో మ్యాచ్ అయ్యాక తీసేసింది, సూట్‌కేసుతో టాక్సీ ఎక్కుతున్న ఆయన ఫొటో అందరూ చూశారు. ఇలాంటి వాళ్లంతా ఒకచోట చేరి తమకి తామే 'మిస్‌ఫిట్స్', అంటే ఎక్కడా ఇమడనివాళ్లు, అని పేరు పెట్టుకున్నారు. 51 గెలుపులు, 109 పాయింట్లు, పసిఫిక్ డివిజన్‌లో ఫస్ట్. హోం మ్యాచ్‌ల్లో 29 గెలిచారు. టికెట్ కొన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి.

మధ్యలో గోలీల, అంటే గోల్‌కీపర్ల, కష్టాలు కూడా చూశాం. మా మొదటి గోలీ మార్క్-ఆండ్రే ఫ్లూరీ అక్టోబర్‌లోనే తలకి దెబ్బ తగిలి డిసెంబర్ దాకా లేడు. అతని వెనక ఉన్నవాడికి దెబ్బ, ఆ వెనకవాడికీ దెబ్బ, ఒక దశలో 19 ఏళ్ల కుర్రాడు కూడా దిగాల్సి వచ్చింది, సీజన్ మొత్తం మీద ఐదుగురు గోలీలు. ఏ జట్టైనా అక్కడే కూలబడాలి, వీళ్లు గెలుస్తూనే ఉన్నారు.

మైదానంలో అనుభవం గురించి. టీ-మొబైల్ అరీనాకి స్వెటర్ తప్పకుండా తీసుకెళ్లండి, బయట ఎడారి వేడి చూసి మోసపోవద్దు. ఆటకి ముందు చీకట్లో కవచం తొడుక్కున్న వీరుడు కత్తి దూసి ప్రత్యర్థిని పడగొట్టే నాటకం ఒకటుంటుంది. మొదటిసారి మరీ అతి అనిపించింది, మా అబ్బాయికి మాత్రం అది చూడకపోతే మ్యాచ్ చూసినట్టే కాదు, నాలుగో మ్యాచ్‌కల్లా నేనూ వాడికన్నా ముందే లేచి నిలబడేవాణ్ణి. ఊరి అవతల సమ్మర్లిన్‌లో వాళ్ల ప్రాక్టీస్ రింక్ ఉంది, జనాన్ని లోపలికి రానిచ్చేవారు, పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి నిలబడి చూసేవారు. స్కేట్ల అంచు మంచుని గీసే ఆ చర్రుమనే చప్పుడు పెద్ద అరీనాలో వినపడదు, అక్కడ వినాలి.

ఒక ఇబ్బంది మాత్రం పడ్డాం. మా వాటా మ్యాచ్‌లు ఒకరికొకరం మార్చుకోవడానికి ఒక యాప్ వాడేవాళ్లం, జనవరిలో ఒక రోజు గేటు దగ్గర అందులో టికెట్ తెరుచుకోలేదు. ఇరవై నిమిషాలు బయటే నిలబడ్డాం, లోపల గోల్ హారన్ మోగుతుంటే మా అబ్బాయి మొహం చూడలేకపోయాను. అప్పటి నుంచి ఇంట్లో బయల్దేరేముందే టికెట్ తెరిచి ఫోన్ వాలెట్‌లో పెట్టుకుంటున్నా. మీరూ అలాగే చేయండి.

ప్లేఆఫ్స్ అసలు వేరే ఆట. టికెట్ వాటా ఉన్నవాళ్లు ఏం చేసైనా ఇవి అమ్ముకోకండి. ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే రౌండ్. మొదటి రౌండ్‌లో లాస్ ఏంజెలెస్ కింగ్స్‌ని 4-0తో ఊడ్చేశాం, నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి ఫ్లూరీ ఇచ్చింది 3 గోల్స్. అందులో రెండో మ్యాచ్ సమం కావడంతో రెండో ఓవర్‌టైమ్ (అదనపు పీరియడ్) దాకా సాగింది. అవతల గోలీ జొనాథన్ క్విక్ 54 షాట్లు ఆపాడు, గోడలా. టెన్షన్‌తో నేను కూర్చోలేను, లేవలేను, ఎందుకంటే మా అబ్బాయి నా ఒళ్లో నిద్రపోయాడు. రెండో ఓవర్‌టైమ్ అంటే మళ్లీ మా వైపు గోల్. ఎరిక్ హౌలా అక్కడే కొట్టాడు. హారన్‌కి పిల్లాడు ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలియకుండానే రెండు చేతులూ పైకెత్తి అరవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత శాన్ హోసే, ఆ తర్వాత విన్నిపెగ్. పుట్టిన ఏడాదే లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్‌కి.

ఫైనల్‌లో వాషింగ్టన్ క్యాపిటల్స్ చేతిలో 4-1తో ఓడిపోయాం. ఇక్కడ జట్టుని సమర్థించను. సీజనంతా మా బలం వేగం, పక్ అందుకోగానే ముగ్గురు ఒక్కసారిగా దూసుకుపోవడం. క్యాపిటల్స్ మధ్య మైదానంలోనే దారి మూసేశారు, మావాళ్లకి రెండో ఉపాయం లేకపోయింది. మొదటి రౌండ్‌లో 3 గోల్స్ ఇచ్చిన జట్టు ఐదు మ్యాచ్‌ల్లో 20 ఇచ్చింది, దాన్ని ఒక్క ఫ్లూరీ మీదికి నెట్టడం అన్యాయం, గోల్ ముందు అవతలివాళ్లని అంత ఖాళీగా వదిలేస్తే ఎవరు మాత్రం ఆపుతారు. ఇంకో సంగతి, ఆ క్యాపిటల్స్‌కి వాళ్ల కెప్టెన్ ఒవెచ్‌కిన్‌ని 2004లో తెచ్చింది అప్పటి మా జనరల్ మేనేజర్ జార్జ్ మెక్‌ఫీయే. ఆయన ఆ జూన్ 7 రాత్రి ఏమనుకున్నాడో అని చాలాసార్లు అనుకున్నాను. ఐదో మ్యాచ్, మూడో పీరియడ్‌లోకి 3-2 ఆధిక్యంతో వెళ్లి 4-3తో ఓడాం, గెలుపు గోల్ కొట్టిన లార్స్ ఎలర్ మాకు అవతలి చివర చిన్నగా కనపడ్డాడు. ఒవెచ్‌కిన్ మా మంచు మీదే కప్పు ఎత్తాడు.

2023లో కప్పు మాకూ వచ్చింది, మొదటి ఏడాదివాళ్లు ఆరుగురు అప్పటికీ జట్టులో ఉన్నారు, ఫ్లోరిడా వద్దనుకున్న మార్షెసోయే ఫ్లోరిడా మీద గెలిచి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ ఆనందం వేరు. అయినా సీజన్ ఏది బాగుందని అడిగితే నేను 2017-18 అనే అంటాను.

పాత మ్యాచ్‌లు దొరికితే అక్టోబర్ 10ది పూర్తిగా చూడండి, కింగ్స్ మీద రెండో మ్యాచ్ చూడండి, ఫైనల్ మొదటి మ్యాచ్ 6-4 కూడా వదలొద్దు. ఫైనల్ రెండో మ్యాచ్ మీ ఇష్టం. 3-2తో వెనకబడ్డాం, రెండు నిమిషాలుంది, మా ముందున్న గోల్. మా ఈకిన్ పాస్ ఇచ్చాడు, అందుకున్న అలెక్స్ టక్ ఒంటరిగా, ఎదురుగా ఖాళీ గోల్. పైనుంచి నాకు ఖాళీ ముందే కనపడింది, నేను లేచి అరిచేశాను కూడా. క్యాపిటల్స్ గోలీ హోల్ట్‌బీ ఎక్కడి నుంచో పడుతూ స్టిక్ చాపాడు, పక్ దానికి తగిలి ఆగిపోయింది. నా అరుపు అలా నోట్లోనే ఉండిపోయింది. ఆ రెండు నిమిషాలు నేను మళ్లీ ఇంతవరకు చూడలేదు.