బాక్ట్రియా చరిత్రకు ఏది మెరుగైన ఆధారం: నాణేలా, తోలు పత్రాలా?

క్రీ.శ. 4వ శతాబ్దం నుంచి 8వ శతాబ్దం దాకా హిందూకుష్ పర్వతాలకు ఉత్తరాన ఉన్న బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్గానిస్తాన్, దాని పరిసరాలు) ఇరాన్‌ను ఏలిన సాసానియన్లు, మధ్య ఆసియా సంచార జాతులైన కిదారులు, హెఫ్తలైట్లు, తురుష్కుల చేతులు మారింది. ఆ కాలం గురించి స్థానికంగా దొరికే ఆధారాలలో ముఖ్యమైనవి రెండు: నాణేలు, 1990ల్లో వెలుగుచూసిన బాక్ట్రియన్ భాషా పత్రాలు.

ఏ వంశం ఎక్కడి వరకు ఏలిందో తేల్చడానికి నాణేలే మేలు. అయితే వాటితో ఒక చిక్కుంది. హెఫ్తలైట్లతో పోరాడుతూ 484లో మరణించిన సాసానియన్ చక్రవర్తి పేరోజ్ బొమ్మనే ఆ గెలిచినవాళ్లు తమ వెండి నాణేలపై అనుకరించారు కాబట్టి, బొమ్మను చూసి పాలకుణ్ణి గుర్తించబోతే పొరబడతాం.

పత్రాల సంగతి వేరు. గ్రీకు లిపిలో, ఎక్కువగా తోలుపై రాసిన ఈ 150కి పైగా పత్రాలలో భూముల అమ్మకాలు, బానిస విముక్తి, ఉత్తరాలు, హెఫ్తలైట్లకు చెల్లించాల్సిన పన్నుల ప్రస్తావన కూడా ఉన్నాయి. ఒక వివాహ ఒప్పందంలో ఇద్దరు అన్నదమ్ములు ఒకే స్త్రీని పెళ్లాడారు. ఇలాంటి ముచ్చట ఏ నాణెమూ చెప్పదు. ఒప్పందాన్ని ఒకే తోలుపై రెండుసార్లు రాసి, ఒక ప్రతిని చుట్టి ముద్ర వేసి, రెండోదాన్ని చదువుకోవడానికి విడిగా ఉంచేవారు. మోసాన్ని అరికట్టే ఏర్పాటు ఇది.

సామాన్యుల జీవితం తెలియాలంటే నా ఓటు పత్రాలకే. కాకపోతే వాటిలో చాలావరకు రోబ్ అనే చిన్న రాజ్యానికి చెందినవి, పైగా తవ్వకాల్లో కాక పురావస్తువుల అంగడి ద్వారా బయటికొచ్చినవి.