ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే విజయవాడ నుంచి డాలస్ దాకా

ఈ ఆగస్టులో మావారు తోడు లేకుండా నేనొక్కదాన్నే పిల్లలిద్దర్నీ తీసుకుని డాలస్ తిరిగొచ్చాను. పాపకి ఐదేళ్ళు. బాబుకి పద్నాలుగు నెలలు, అడుగులు వెయ్యడం వచ్చి సరిగ్గా నెల. విజయవాడలో అమ్మ వాళ్ళ గుమ్మం దిగినప్పటి నుంచి ఇక్కడ మా ఇంటి తాళం తీసేదాకా లెక్కేస్తే 40 గంటల పైమాటే. బయల్దేరే ముందు వారం రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పిల్లల్ని ఎలా ఆడించాలని ఎవర్నడిగినా బొమ్మల పేర్లే చెప్పారు. నేను మాత్రం టికెట్ దగ్గరే మొదలుపెట్టాలంటాను. మధ్యలో ఆగే చోట పిల్లలు బాగా పరిగెత్తి అలిసిపోతే, ఆ తర్వాతి పదహారు గంటలూ మనం నెగ్గుకు రాగలం. అందుకే గంటన్నర లేఓవర్ ఉన్న టికెట్ చవగ్గా దొరుకుతున్నా వద్దనుకుని, దోహాలో ఐదు గంటలు ఆగేది తీసుకున్నాను. ఆ ఎక్కువ డబ్బు ఇచ్చినందుకు ఒక్క క్షణం కూడా బాధపడలేదు.

కోస్తా వాళ్ళకి విమానం కన్నా ముందు కారు ప్రయాణం ఒకటి ఉంటుంది కదా. విజయవాడ నుంచి హైవే మీద సూర్యాపేట, అక్కడ ఇడ్లీ, కాఫీ, తర్వాత పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్. ఐదు గంటలు అనుకుంటే ఆరు పడుతుంది. గల్ఫ్ వైపు విమానాలు చాలావరకు తెల్లవారుజామునే ఉంటాయి కాబట్టి నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్ళకుండా శంషాబాద్ దగ్గర ఒక హోటల్లో గది తీసుకున్నాం. ఆలోచన మంచిదే, హోటల్ ఎంపికే బెడిసికొట్టింది. పక్కనే ఫంక్షన్ హాలు. శ్రావణ మాసం, పెళ్ళి ఊరేగింపు, రాత్రి పదకొండున్నర దాకా డీజే. బాబు నిద్రపోలేదు సరికదా, కిటికీ దగ్గర నిలబడి డప్పుకి తగ్గట్టు ఊగుతూనే ఉన్నాడు. ఆ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళు చాలా ఉన్నాయి. గది తీసుకునే ముందు ఫోన్ చేసి, "పక్కన హాలు ఉందా, ఈ రాత్రి ఏదైనా ఫంక్షన్ ఉందా?" అని అడగండి. ఆ ఒక్క మాట అడక్క నేను ఆరు గంటల నిద్ర పోగొట్టుకున్నాను.

ఇక సంచీ సంగతి. కొత్త బొమ్మలు కొనలేదు. అమ్మ ఒక చిన్న గుడ్డ సంచీ సర్దింది. అందులో ఒక రూళ్ళు లేని నోట్‌బుక్, రెండు పెన్సిళ్ళు, బీసెంట్ రోడ్డులో కొన్న స్టిక్కర్ బొట్ల అట్టలు పది, అంటించి పీకినా మరక పడని పేపర్ టేపు ఒక చుట్ట, మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో మరమరాలు. అన్నిటి కిందా తన పాత నూలు చీర ఒకటి మడిచి పెట్టింది. "ఇదెందుకమ్మా, బరువు" అన్నాను. "ఉంచవే, పనికొస్తుంది" అంది. నిజంగానే అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే.

పాపకి అమ్మమ్మ ఈ సెలవుల్లో చుక్కల ముగ్గులు నేర్పింది. ఐదు చుక్కలు, మూడు వచ్చేవరకు. విమానంలో ట్రే మీద నోట్‌బుక్ తెరిచి, చుక్కకొక బొట్టు అతికించి, వాటి చుట్టూ పెన్సిల్‌తో మెలికలు తిప్పింది. ఒక్కో ముగ్గుకి అరగంట. ఒక మెలిక తప్పితే బొట్టు నెమ్మదిగా గోటితో ఊడదీసి మళ్ళీ అంటించేది. నాలుక కొద్దిగా బయటికి పెట్టి, ఊపిరి బిగబట్టి, అంత శ్రద్ధగా ఆ పిల్ల ఏ తెర ముందూ కూర్చోవడం నేను చూడలేదు. పక్క సీటులో ఉన్న ఆవిడ కూడా ఒక బొట్టు అడిగి తీసుకుని పెట్టుకుంది.

బాబుకి మాత్రం బొట్లు ఇవ్వలేదు, నోట్లో పెట్టేసుకుంటాడు. వాడికి పేపర్ టేపు ముక్కలు. ట్రే మీద, సీటు చేతి మీద, నా చెంప మీద అంటించి ఒక్కోటీ పీకమంటే ఇరవై నిమిషాలు గడిచేవి. మరమరాలు పిడికెడు చేతిలో పోయకుండా ఒక్కొక్కటీ ట్రే మీద పెడితే, వేలూ బొటనవేలూ కలిపి ఏరుకుని తినేవాడు. అది తిండీ అయ్యింది, ఆటా అయ్యింది.

బ్యాసినెట్ గురించి ముందే చెప్పాలి. ముందు వరస సీట్లలో గోడకి తగిలించే ఆ ఉయ్యాలకి బరువు పరిమితి ఉంటుంది, చాలా ఎయిర్‌లైన్స్‌లో 10, 11 కిలోల దగ్గర. మా వాడు తొమ్మిదిన్నర, కాబట్టి సరిపోయాడు, కాళ్ళు మాత్రం ముడుచుకోవాల్సి వచ్చింది. సీటు బెల్టు లైటు వెలిగిన ప్రతిసారీ బిడ్డని ఎత్తుకోవాల్సిందే. కుదుపులు ఎక్కువగా ఉంటే నిద్ర పట్టిన పావుగంటకే లేపాలి. అందుకని రెండో విడత ఉయ్యాల వదిలేసి, అమ్మ చీరతో వాణ్ణి నా గుండెకి కట్టుకుని కూర్చున్నాను. అమ్మ బీరువా వాసన, దాంట్లో కలిసిన కర్పూరం. వాడు మూడు గంటలు కదల్లేదు.

రెండేళ్ళు నిండే లోపు బిడ్డకి ఒడి టికెట్టే సరిపోతుంది, మామూలుగా పెద్దవాళ్ళ ఛార్జీలో 10 శాతం దాకా ఉంటుంది. రెండు దాటితే సీటు కొనాల్సిందే. ఊరెళ్ళే నెల కాస్త ముందుకి జరిపితే కలిసొచ్చేవాళ్ళు ఇది చూసుకోండి.

దోహా హమద్ ఎయిర్‌పోర్టు పిల్లలకి నిజంగా మంచి చోటు. మధ్య హాల్లో పసుపు రంగు ఎలుగుబంటి ఉంటుంది, ఏడు మీటర్ల ఎత్తు, తల మీద ల్యాంపు. దూరం నుంచి దూది బొమ్మలా కనిపిస్తుంది కానీ కంచుతో చేసింది. పాప పరిగెత్తుకెళ్ళి దాని కాలు వాటేసుకుని, "అమ్మా, ఇది మెత్తగా లేదు, చల్లగా ఉంది!" అని అరిచింది. అక్కణ్ణించి లోపలే నడిచే చిన్న రైలు ఎక్కాం. టికెట్ లేదు, ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. మేం ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగాం. ప్రయాణం రెండు నిమిషాలే అయినా కిందనున్న దుకాణాలన్నీ పైనుంచి కనిపిస్తాయి. బాబు అద్దానికి రెండు చేతులూ ఆనించి ప్రతిసారీ మొదటిసారి చూస్తున్నట్టే చూశాడు.

కాంకోర్సుల్లో పిల్లలు ఎక్కడానికని పెట్టిన కంచు బొమ్మలున్నాయి, గుండ్రటి మనుషుల్లా. కాళ్ళ మధ్య నుంచి దూరొచ్చు, మీదికెక్కి జారొచ్చు. అయిదేళ్ళ పిల్లకి సరదా, పద్నాలుగు నెలల వాడి దగ్గర మాత్రం ఒంగుని ఉండాలి, నేల గట్టిది. నాకు అన్నిటికన్నా నచ్చింది 2022లో తెరిచిన తోట. మూడు వందలకి పైగా చెట్లు, పాతిక వేల మొక్కలు, మధ్యలో నీళ్ళు. రాత్రంతా ఏసీ గాలిలో ఉన్న పిల్లలు ఆ పచ్చదనం దగ్గరికి రాగానే నెమ్మదించారు. చీర పరిచి అరగంట కూర్చున్నాం. అక్కడే పాపకి పొడుపు కథ వేశాను. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు, ఏంటవి?" కనురెప్పలని తనకి తెలుసనుకున్నాను. పాప ఎదురుగా చూసి, "ఎయిర్‌పోర్టు తలుపులు!" అంది. అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, చప్పుడు లేకుండా. తప్పని ఎలా చెప్పను?

అమెరికా వెళ్ళే విమానానికి గేటు దగ్గర మాకు మళ్ళీ సంచులు చెక్ చేశారు. పిల్లలతో ఉంటే దానికి గంట ముందే చేరడం మంచిది. బాబు పాలు, ఉగ్గు పొడి, వేణ్ణీళ్ళ ఫ్లాస్క్ చూపించి ఇవి బిడ్డకని చెబితే ఇబ్బంది పెట్టలేదు. పిల్లల పాలకి 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తించదు, కానీ అవి పైనే అందుబాటులో ఉండేలా సర్దుకోండి.

ఎంత దూరమైనా స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) మీదే ఆధారపడొద్దు. ఒక పాత ప్రయాణంలో ఎయిర్‌లైన్ వాళ్ళు గేటు దగ్గర తీసుకున్న స్ట్రోలర్‌ని లేఓవర్‌లో ఇస్తామన్నారు, ఇవ్వలేదు. అది నేరుగా చివరి ఊరికి వెళ్ళిపోయింది. అప్పుడు పాప ఏడాదిన్నర పిల్ల. భుజాన బ్యాగు, చంకలో పిల్ల, రెండు టెర్మినళ్ళు. ఆ రోజు ఏడ్చాను కూడా. అప్పట్నుంచి ఎత్తుకుని కట్టుకోవడానికి ఒక గుడ్డ లేకుండా గడప దాటను.

వేరే దారుల సంగతి కూడా చెప్తాను. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్నప్పుడు సింగపూర్ మీదుగా వెళ్ళాం. అక్కడి చాంగీ ఎయిర్‌పోర్టులో మూడో టెర్మినల్‌లోని సీతాకోకచిలకల తోట ముందు ఏ ఆటస్థలమూ నిలవదు. పగటి పూట చేరేలా చూసుకోండి, చీకటి పడితే సీతాకోకచిలకలు ఆకుల కింద ముడుచుకుంటాయి. టెర్మినళ్ళ మధ్య స్కైట్రైన్‌లో వెళ్తుంటే ఎయిర్‌పోర్టుని ఆనుకుని ఉన్న జ్యువెల్ మాల్‌లోని 40 మీటర్ల జలపాతం కనిపిస్తుంది, బయటికి వెళ్ళే పని కూడా లేదు. పశ్చిమ తీరంలో ఉండేవాళ్ళకి పిల్లలతో ఆ దారే ఉత్తమం అంటాను. డాలస్ వాళ్ళకి చుట్టు తిరుగుడు.

మా తోడికోడలు వాళ్ళు చికాగోకి అబుదాబి మీదుగా వెళ్తారు. అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ అయిపోతుంది, చికాగోలో దిగితే దేశంలోపలి విమానం దిగినట్టే బయటికి రావొచ్చు. నిద్రపోయే పిల్లల్ని భుజాన వేసుకుని చివర్లో క్యూలో నిలబడక్కర్లేదు, అది పెద్ద సుఖం. కాకపోతే లేఓవర్‌లో ఎక్కువ భాగం ఆ క్యూలకే పోతుందట, పిల్లలు ఆడుకునే వేళ మిగలదట. వాళ్ళ పిల్లలు పదీ పన్నెండేళ్ళ వాళ్ళు కాబట్టి వాళ్ళకి కుదిరింది. బుడిబుడి అడుగుల వాడితో నేనైతే దోహాయే ఎంచుకుంటాను.

వెళ్ళేటప్పుడు, జూన్‌లో, దోహాలో మాకు తొమ్మిది గంటలు పడింది. ఎయిర్‌పోర్టు లోపలే ఉన్న ట్రాన్సిట్ హోటల్లో గది తీసుకున్నాం. ఇమిగ్రేషన్ దాటక్కర్లేదు, వీసా అక్కర్లేదు. ధర ఎక్కువే. కానీ పిల్లలిద్దరికీ వేణ్ణీళ్ళ స్నానం, ఉతికిన బట్టలు, మంచం మీద నాలుగు గంటల నిద్ర. ఆరు గంటలు దాటిన లేఓవర్ అయితే తీసుకోండి, ఐదు గంటలకైతే వద్దు, ఆ టైమ్ తోటలో, రైల్లో గడపడమే నయం.

పదహారు గంటల విమానం గురించి. ట్యాబ్ మొదటి ఆరు గంటలు బయటికి తియ్యలేదు. తీస్తే చివర్లో ఇవ్వడానికి ఇంకేమీ ఉండదు. వాళ్ళిచ్చే హెడ్‌ఫోన్స్ పిల్లల తలకి జారిపోతాయి, ఇంట్లోవే తెచ్చుకోండి. పిల్లల భోజనం 24 గంటల ముందే అడిగి పెట్టుకోవాలి. పిల్లల భోజనం ముందు వస్తుంది, వాళ్ళకి తినిపించాక మనం తినొచ్చు. బాబుకి ఉగ్గు పొడిలో కలపడానికి వేణ్ణీళ్ళు అడిగితే ప్రతిసారీ నవ్వుతూ ఇచ్చారు.

కొందరు "ప్రయాణానికి ముందు దగ్గు మందు కొంచెం పట్టు, పడుకుంటాడు" అన్నారు. దయచేసి అలా చెయ్యకండి. మా పిల్లల డాక్టరుగారు గట్టిగా వద్దన్నారు. నిద్రకి బదులు కొందరు పిల్లలు ఇంకా రెచ్చిపోతారట, ఊపిరి విషయంలో కూడా ప్రమాదమట. దిగేటప్పుడు చెవుల నొప్పికి మాత్రం ఆవిడ చెప్పింది బాగా పనిచేసింది. చిన్నవాడికి పాలు పట్టించాను, పాపకి చప్పరించే చాక్లెట్ ఇచ్చాను. మింగుతూ ఉంటే చెవులు తెరుచుకుంటాయి. విమానం కిందికి దిగడం మొదలయ్యేది నేల తాకడానికి అరగంట ముందే, అప్పుడే మొదలుపెట్టాలి.

తొమ్మిదో గంట నాకు అన్నిటికన్నా కష్టమైంది. దీపాలు ఆర్పేశారు, అందరూ నిద్ర. బాబు మాత్రం లేచి, నడుస్తానని ఏడుపు. వెనక వంటగది దాకా వాడి వేళ్ళు పట్టుకుని ఎన్నిసార్లు నడిచానో. అక్కడ గుంటూరు నుంచి కూతురి దగ్గరికి వెళ్తున్న పెద్దాయన, ఆయన భార్య నిలబడి ఉన్నారు. దోహాలో వాళ్ళకి గేటు వెతికిపెట్టింది నేనే. ఆయన చేతులు చాచి, "ఇటివ్వమ్మా, నువ్వెళ్ళి నాలుగు మెతుకులు తిను" అన్నారు. సీటు జేబులో ఉండే కాగితం కవరు తీసి, దాని మీద పెన్నుతో కళ్ళూ మూతీ గీసి, చేతికి తొడుక్కుని బాబుతో గుసగుసగా మాట్లాడించారు. నేను తిని వచ్చేసరికి పాప కూడా లేచి ఆయన పక్కన చేరింది, ఇంకో కవరుకి జడ గీయమని పిన్నిగారిని అడుగుతోంది. ఎవరైనా సాయం చేస్తామంటే మొహమాటపడకండి.

దిగే ముందు సంచీలన్నీ ఒకసారి వెతికాను. పాప తినకుండా దాచిన అరటిపండు, అమ్మ పేపర్లో చుట్టిన కరివేపాకు రెండూ దొరికాయి. తాజా పళ్ళు, కరివేపాకు లోపలికి తేనివ్వరు. పండు అక్కడే తినేశాం, కరివేపాకు చెత్త కవర్లో వేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఆవకాయ జాడీ ఉందని కస్టమ్స్‌లో ముందే చెప్పాను, ఏమీ అనలేదు.

ఇంటికొచ్చిన మూడో రాత్రి రెండింటికి ఇద్దరూ లేచి కూర్చున్నారు. వంటింట్లో నేల మీద దోసెలు తిన్నాక పాప నోట్‌బుక్ తెచ్చుకుంది. మిగిలిన బొట్లతో ఏడు చుక్కల ముగ్గు వేస్తానంది, ఎవరూ నేర్పనిది. విజయవాడలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. వీడియో కాల్‌లో అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా జరుపుకుని చూసి, "నాలుగో వరసలో ఒక చుక్క తప్పిందమ్మా, చూసుకో" అంది.