బసిలికాన్ వెండి నాణెం: తండ్రి ముఖం దొరికింది, కొడుకుది దొరకలేదు

కాన్‌స్టాంటినోపుల్‌లో తూర్పు రోమన్ (బైజాంటియం) చక్రవర్తి రెండో ఆండ్రోనికోస్, ఆయన కొడుకు తొమ్మిదో మైఖేల్ కలిసి ఏలిన రోజుల్లో వేసిన బసిలికాన్ ఒకటి ఆన్‌లైన్ వేలంలో కొన్నాను. యూరప్‌లో ఉన్న సైటు, పేరు అనవసరం. నాణెం నచ్చింది, అమ్మిన తీరే నచ్చలేదు.

అప్పటి బైజాంటియం బంగారు నాణేలు గిన్నెలా వంగి ఉంటాయి, ఇది మాత్రం పలచగా, బల్లపరుపుగా ఉంటుంది, ఎందుకంటే వెనిస్ వాళ్ళ వెండి నాణెం గ్రోసోని చూసి చేసిందే ఇది. బరువు కూడా దాదాపు అంతే, 2 గ్రాముల పైచిలుకు. ఒక వైపు సింహాసనం మీద క్రీస్తు, అది అచ్చం వెనిస్‌దే. రెండో వైపు చూడాలి అసలు: గ్రోసో మీద వెనిస్ రక్షక సాధువు సెయింట్ మార్క్ అక్కడి పాలకుడు డోజ్‌కి జెండా అందిస్తుంటాడు కదా, ఆ చోట ఇక్కడ తండ్రీకొడుకులు మధ్యలో పొడుగాటి శిలువని చెరో చేత్తో పట్టుకుని నిలబడ్డారు, చుట్టూ గ్రీకులో 'రోమన్ల చక్రవర్తులు' అని, ఇద్దరూ కాబట్టి బహువచనంలోనే. మన లెక్కలో దీనికి బొరుసు లేదు, రెండూ బొమ్మలే.

1304 ప్రాంతంలో మొదలైన నాణెం ఇది. ఈ జంటతో 1320లో మైఖేల్ పోయేదాకా నడిచింది. స్పెయిన్ వైపు నుంచి కిరాయికి తెచ్చుకున్న కటలాన్ సైన్యానికి జీతాలివ్వడానికే ఈ వెండి మొదలుపెట్టారని చాలామంది అంటారు. అదే నిజమైతే ఆ జీతాలు బూడిదలో పోసినట్టే: 1305లో వాళ్ళ నాయకుడు రోజెర్ డి ఫ్లోర్‌ని ఆడ్రియనోపుల్‌లో ఇదే మైఖేల్ కొలువులో చంపేశారు, ఆ కోపంతో వాళ్ళు ఆ చుట్టుపక్కల థ్రేస్ ప్రాంతమంతా దోచేశారు.

ఇక అమ్మినవాళ్ళ సంగతి. క్రీస్తు వైపు ఫోటో పెద్దగా, మెరిసిపోతూ పెట్టారు, చక్రవర్తుల వైపేమో చిన్నగా, నీడలో. చేతికొచ్చాక చూస్తే మైఖేల్ ముఖం ఉండాల్సిన చోట చదునుగా వెండి తప్ప ఏమీ లేదు. అరిగిపోవడం కాదు, అసలు అచ్చే సరిగ్గా పడలేదు. ఈ నాణేల్లో అది మామూలే, ఒప్పుకుంటాను, అడిగితే వాళ్ళూ అదే జవాబిచ్చారు. మామూలే అయితే ఫోటోలో చూపించడానికేం? ఇద్దరు రాజుల నాణెమని డబ్బులు తీసుకుని ఒకరిన్నర పంపితే ఎలా!

ప్యాకింగ్ మాత్రం గట్టిగా ఉంది, త్వరగానే వచ్చింది. కొనాలనుకుంటే చక్రవర్తుల వైపు పగటి వెలుతురులో తీసిన ఫోటో, గ్రాముల్లో బరువు అడిగి తెప్పించుకున్నాకే వేలం పాడండి. నాణేనికి 5కి 4, సైటుకి 2.