హోండా హెచ్‌ఆర్‌ఎన్ 216 లాన్ మోవర్: కొనేవాళ్లకీ, ఇప్పటికే ఉన్నవాళ్లకీ

నార్త్ కరోలైనాలో రాలీ, కేరీ వైపు కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు గృహప్రవేశం అవ్వగానే అడిగేది ఏ లాన్ మోవర్ కొనాలని. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరం రాకముందే గడ్డి కొయ్యాలి కదా, ఆ టెన్షన్ ఒకటి. నా మాట సూటిగా చెప్పేస్తాను. పెట్రోలు పోసి, గడ్డి కోసి, గరాజ్‌లో తోసేసి మళ్లీ వసంతంలో చూద్దాం అనుకునే మనిషైతే బ్యాటరీది కొనుక్కోండి, హాయిగా ఉంటుంది. సీజన్ అయిపోయాక ఒక పూట దాని కోసం కూర్చునే ఓపిక ఉంటే మాత్రం, పావు ఎకరం స్థలానికి ఈ హోండాని మించిన మిషన్ ఆ ధరలో నాకు కనబడలేదు.

ఇది మన నార్త్ కరోలైనాలోనే, స్వెప్సన్‌విల్‌లో తయారయ్యేది. 2023 సెప్టెంబరులో హోండా అక్కడ పెట్రోలు లాన్ మోవర్ల తయారీ ఆపేసింది. కాలిఫోర్నియా అయితే 2024 నుంచి కొత్తగా తయారయ్యే ఇలాంటి చిన్న పెట్రోలు ఇంజన్ల మిషన్లు అమ్మకూడదని నిబంధనే పెట్టింది. కాబట్టి ఇప్పుడు కొనాలంటే చాలావరకు సెకండ్ హ్యాండే. ఫిల్టర్లు, బ్లేడ్లు, కార్బురేటర్లు (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) దొరుకుతూనే ఉన్నాయి, దాని గురించి బెంగ అక్కర్లేదు.

ఇంజన్ పేరు జీసీవీ170. కెపాసిటీ 166 సీసీ, కోత వెడల్పు 21 అంగుళాలు, చాలా రకాల్లో వెనక చక్రాలకు డ్రైవ్. చల్లటి ఇంజన్ అందుకోవడానికి గాలి తగ్గించే చోక్ దానంతట అదే పనిచేస్తుంది, మనం ఏదీ లాగక్కర్లేదు, నొక్కక్కర్లేదు. పెట్రోలు శుభ్రంగా ఉంటే తాడు ఒకటి రెండుసార్లు లాగితే అందుకుంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది కోత. కింద ఒక బ్లేడు కాదు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా బిగించిన రెండు బ్లేడ్లుంటాయి, అందుకని మల్చింగ్ పెట్టి కోస్తే గడ్డి సన్నగా తరిగి లాన్‌లోనే కలిసిపోతుంది, ఊడ్చుకునే పని ఉండదు. మా వైపు ఎక్కువమందికి ఉండేది టాల్ ఫెస్క్యూ అనే రకం గడ్డి. దాన్ని మూడు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచాలి, ఒక్కసారికి మూడో వంతుకి మించి కోయకూడదు. జులై ఎండల్లో గుండు కొట్టించినట్టు కోసేసి, ఎర్రమట్టి బయటపడ్డాక నీళ్లు ఎంత పెట్టినా ఉపయోగం లేదు. టెక్సస్‌లో బెర్ముడా గడ్డి ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు బాగా కిందికి దించి కోసుకోవచ్చు.

నచ్చనివీ ఉన్నాయి. అడుగు భాగం స్టీలు. తడి గడ్డి అంటుకుని అలాగే వదిలేస్తే తుప్పు పడుతుంది, అందుకే కోత అయ్యాక ఒక ప్లాస్టిక్ గరిటెతో గీకేయడం మంచిది. ఆయిల్ కింద నుంచి దించే బోల్టు లేదు, మిషన్‌ని పక్కకి వంచి పోసే మూతిలోంచే పారబోయాలి. మెట్లెక్కించి మోయాలంటే బరువే. ఈ మూడింటినీ నేను సర్దుకుపోదగ్గవిగానే లెక్కేస్తాను.

అసలు సంగతి పెట్రోలు. ఇక్కడ మామూలు బంకుల్లో దొరికేదాంట్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. కంపెనీ దాన్ని ఒప్పుకుంటుంది, పదిహేను శాతం ఉండే ఈ15 మాత్రం వద్దంటుంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న పెట్రోలులోంచి తేలికపాటి భాగం ఆవిరైపోయి, కార్బురేటర్ గిన్నె అడుగున జిగురు మిగులుతుంది. పెట్రోలు వెళ్లే మెయిన్ జెట్ రంధ్రం ఎంత సన్నమంటే ఆ జిగురు ఒక్క పొర పేరుకున్నా చాలు, ఇంజన్ అందుకోదు, అందుకున్నా ఊగుతున్నట్టు పెరుగుతూ తగ్గుతూ మోగుతుంది. మార్చి నెలలో ‘పనిచేయట్లేదు’ అని చవగ్గా అమ్మేసే మోవర్లలో చాలావాటి జబ్బు ఇదే. గిన్నె విప్పి కార్బురేటర్ క్లీనర్ కొట్టి, జెట్‌లో సన్నటి తీగ ఆడిస్తే బాగుపడిపోతాయి. అంతటి మంచి మిషన్‌ని రోడ్డు పక్కన పడేసి ఉంటే చూడ్డానికి నాకు నిజంగా బాధేస్తుంది.

అందుకని క్యానులో నెల రోజులకు సరిపడా పెట్రోలే తెచ్చుకోండి. తెచ్చిన రోజే స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా పాడవకుండా కాపాడే మందు) కలిపేయండి, పాతబడ్డాక కలిపితే ఏ ప్రయోజనమూ లేదు. ఇథనాల్ లేని పెట్రోలు అమ్మే బంకు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. లేదంటే సీజన్ చివరి కోతకు మాత్రం హోమ్ డిపో లాంటి దుకాణాల్లో దొరికే, ఇథనాల్ లేని సీసా ఇంధనం వాడండి, ఖరీదు ఎక్కువే కానీ ట్యాంకు పట్టేది లీటరు లోపే కదా. చివరి కోత అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా అయిపోయి ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడపండి. ఈ ఒక్క పని చేస్తే వసంతంలో తొంభై పాళ్లు గొడవ ఉండదు.

ఆయిల్ 10డబ్ల్యూ-30, సుమారు 400 మిల్లీలీటర్లు పడుతుంది. నిండుగా పోస్తే మేలనుకోవద్దు, ఎక్కువైతే తెల్లటి పొగ వస్తుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు దించితే మురికంతా దాంతోపాటే వస్తుంది. మిషన్‌ని మరే పనికి వంచినా ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి రావాలి, లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి దిగి కాగితం తడిసిపోతుంది. స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, కొత్త ప్లగ్ ఖరీదు ఎంత అని, ఏటా మార్చేయండి.

బ్లేడు పదును పోయిందో లేదో మిషన్ కింద దూరి చూడక్కర్లేదు, కోసిన మర్నాడు ఒక గడ్డిపోచ తుంచి కొస చూడండి. పదునుంటే కొస తిన్నగా, పచ్చగా ఉంటుంది. మొద్దుబారితే చీలికలు పేలికలుగా, తెల్లగా ఎండి ఉంటుంది, దూరం నుంచి లాన్ మొత్తం పాలిపోయినట్టు కనబడుతుంది. బ్లేడు ముట్టుకునేముందు స్పార్క్ ప్లగ్ మీది టోపీ లాగేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఇంజన్ ఆగిపోయి ఉంది కదా అనుకుంటే వేళ్లకే ప్రమాదం. విప్పేముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే రెండు బ్లేడ్లలో ఏది పైన, ఏది కింద అన్న తికమక ఉండదు. ఆకురాయితో పాత వాలులోనే రుద్ది, గోడకు కొట్టిన మేకుకి మధ్య రంధ్రం తగిలించండి. ఏ వైపు కిందికి వాలితే ఆ వైపు ఇంకాస్త రుద్దాలి. బ్యాలెన్స్ లేని బ్లేడుతో నడిపితే చేతులు జిమ్మంటాయి, లోపల బేరింగ్‌లూ అరుగుతాయి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. అమ్మేవాళ్లని అడిగి ప్లగ్ టోపీ తీసి, మిషన్ వంచి, గ్లవ్స్ వేసుకుని బ్లేడు మెల్లగా ఒక చుట్టు తిప్పండి. రెండు కొసలూ అడుగు అంచుకి ఒకే ఎత్తులో తిరగాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంటే బ్లేడైనా వంగి ఉండాలి, లేదా ఏ చెట్టు మొద్దుకో తగిలి క్రాంక్‌షాఫ్ట్ (బ్లేడుని తిప్పే ఇంజన్ ఇరుసు) వంగి ఉండాలి, క్రాంక్‌షాఫ్టే అయితే రిపేరు ఖర్చు దండగ, నమస్కారం పెట్టి వచ్చేయండి. ట్యాంకు మూత తీసి వాసన చూడండి, పాత వార్నిష్ వాసనొస్తే భయపడక్కర్లేదు, అది కార్బురేటర్ పని, ఆ పేరు చెప్పి బేరమాడొచ్చు. మనం వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉందంటే చల్లారాక మళ్లీ స్టార్ట్ చేసి చూపించమనండి. పెరడు అర ఎకరం దాటితే మాత్రం ఇది వద్దు, కూర్చుని నడిపే రైడింగ్ మోవర్ చూసుకోండి.