లోడ్ సెల్ టెన్షన్ కంట్రోలర్, పౌడర్ బ్రేక్: గ్రేవ్యూర్ మెషీన్ మీద కొన్నేళ్లు వాడాక

మా యూనిట్ జీడిమెట్లలో ఉంది. మసాలా ప్యాకెట్లు, మిక్చర్ కవర్లు, ఖరీఫ్ ముందు విత్తనాల కంపెనీల పౌచ్‌లు, ఇవీ మా పనులు. ఎనిమిది రంగుల రోటోగ్రేవ్యూర్ మెషీన్, అంటే చెక్కిన సిలిండర్లతో ఫిల్మ్ మీద అచ్చేసేది. ఫిల్మ్ వెడల్పు మీటరు, వేగం నిమిషానికి 120 నుంచి 150 మీటర్లు. మెషీన్ పాతదే. అన్‌వైండర్‌కి (రోలు నుంచి ఫిల్మ్ విప్పే చోటు) లోడ్ సెల్ (రోలరు మీద ఫిల్మ్ లాగుడుని కొలిచే సెన్సార్) కంట్రోలర్, మాగ్నెటిక్ పౌడర్ బ్రేక్, రివైండర్‌కి (అచ్చయిన ఫిల్మ్‌ని మళ్లీ చుట్టే చోటు) లోడ్ సెల్, వెక్టర్ డ్రైవ్ మోటార్ తర్వాత బిగించినవి. ఏ కంపెనీ సరుకో రాయడం లేదు. ఎవరు చేసినా ఇది పనిచేసే తీరు ఒకటే, నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు ఆ తీరువే.

ముందే చెప్పేస్తాను, కొనుక్కోవచ్చు. అయితే కొనేటప్పుడు అందరూ కంట్రోలర్ స్క్రీన్ చూసి మురిసిపోతారు తప్ప బ్రేక్ సైజు గురించి ఒక్కరూ అడగరు. పని బాగుపడేదీ చెడేదీ అక్కడే.

ఇది రాకముందు అన్‌వైండర్ షాఫ్ట్ డ్రమ్ము మీద తోలు బెల్టు, దాన్ని బిగించే స్క్రూ ఉండేవి. రోలు తగ్గేకొద్దీ హెల్పర్ వచ్చి స్క్రూ కొంచెం కొంచెం వదులు చేయాలి. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఫిల్మ్ మీద 10 కేజీల టెన్షన్, అంటే లాగుడు, కావాలనుకుందాం. 600 మిల్లీమీటర్ల రోలుకి వ్యాసార్ధం 0.3 మీటరు, అంటే బ్రేక్ పట్టాల్సిన టార్క్ (తిరగకుండా ఆపే బలం) 3 కేజీ మీటర్లు. అదే రోలు 100 మిల్లీమీటర్లకి వచ్చేసరికి 0.5 చాలు. బ్రేక్‌ని మొదట్లో బిగించినట్టే వదిలేస్తే చివర్లో ఫిల్మ్ మీద 60 కేజీలు పడతాయి. హెల్పర్ టీకి వెళ్లాడంటే ఆ రోలు అడుగుభాగం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇప్పుడు ఈ సర్దుబాటు మెషీనే చేసుకుంటోంది. అడుగున మిగిలిన మీటర్లని పక్కన పెట్టే అలవాటు పోయింది, రోలు కోర్ (మధ్యలోని గొట్టం) దాకా నడుస్తోంది. డబ్బు తిరిగొచ్చింది అంటే ముఖ్యంగా ఇక్కడే వచ్చింది.

ఇక రిజిస్టర్, అంటే రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడే సంగతి. 12 మైక్రాన్ల పాలిస్టర్ మీటరు వెడల్పున 10 కేజీలకి మీటరుకి సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. 40 మైక్రాన్ల పాలిథీన్ అయితే అందులో సగం టెన్షన్, అంటే 5 కేజీలే పెట్టినా 5, 6 మిల్లీమీటర్లు సాగుతుంది. మందంగా ఉంది కాబట్టి గట్టిగా లాగొచ్చు అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ చూడాలి. సాగడం తప్పేమీ కాదు, ఎనిమిది యూనిట్లు దాటేదాకా ఒకేలా సాగి ఉండాలి. టెన్షన్ ఊగితే సాగుడు ఊగుతుంది, దాని వెనకాల రిజిస్టర్ కంట్రోలర్ పరిగెడుతుంది. చాలా యూనిట్లలో రిజిస్టర్ కెమెరాని తిడుతుంటారు గానీ రోగం అన్‌వైండర్‌లో ఉంటుంది. మధ్యలో ఇన్‌ఫీడ్ నిప్ (ఫిల్మ్‌ని నొక్కి పట్టి లోపలికి పంపే రోలర్ల జత) ఉంది కదా, తేడా అక్కడే ఆగిపోతుందనే మాట కూడా విన్నాను. ఆగదు. సాగి వచ్చిన ఫిల్మ్ నిప్ దాటాక కూడా ఆ సాగుడుతోనే మొదటి సిలిండర్ కిందికి వెళ్తుంది.

ఇక బ్రేక్. పౌడర్ బ్రేక్‌లో రెండు ఇనుప భాగాల మధ్య సన్నటి సందు, అందులో మెత్తటి ఇనుప పొడి ఉంటాయి. కాయిల్‌కి 24 వోల్టుల డీసీ ఇస్తే పొడి బిగుసుకుని షాఫ్ట్‌ని పడుతుంది. కరెంటు ఎంత పెంచితే పట్టు దాదాపు అంత పెరుగుతుంది. మార్కెట్లో వీటిని 5 కేజీలది, 10 కేజీలది అంటారు. అంటే 5, 10 కేజీ మీటర్ల టార్క్, దాదాపు 50, 100 న్యూటన్ మీటర్లవి. "పెద్దదే తీసుకోండి సార్, ఎందుకైనా మంచిది" అని అమ్మేవాళ్లు చెప్పారు, ఓనర్ 10 కేజీలదే ఆర్డర్ పెట్టారు. పాలిస్టర్, బీఓపీపీ (సాగదీసి చేసిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్) జాబులకి అది చక్కగానే నడుస్తుంది. పాలిథీన్ ఎక్కించిన రోజు తెలుస్తుంది. 5 కేజీల టెన్షన్‌తో నడిపే పాలిథీన్ రోలు కోర్ దగ్గరికొస్తే కావాల్సింది 2.5 న్యూటన్ మీటర్లే. 100 న్యూటన్ మీటర్ల బ్రేక్ కరెంటు సున్నా చేసినా ఒకటి, రెండు న్యూటన్ మీటర్లు పట్టుకునే ఉంటుంది, బేరింగుల రాపిడి అదనం. స్క్రీన్ మీద అవుట్‌పుట్ సున్నా చూపిస్తుంటుంది, టెన్షన్ మాత్రం సెట్ చేసిన దానికంటే పైకి పోతుంది. కేజీ బియ్యం తూచడానికి లారీ కాటా వాడినట్టు ఉంటుంది. మా జాబుల్లో పెద్ద రోలుకి కావాల్సిందే 30 న్యూటన్ మీటర్లు, 50ది సరిపోయేది.

చిన్నది పెడితే వేడెక్కదా అంటే, అది సరైన ప్రశ్నే. బ్రేక్‌లో పుట్టే వేడి టెన్షన్‌ని వేగంతో గుణిస్తే వస్తుంది. 10 కేజీలు, నిమిషానికి 150 మీటర్లు అంటే దాదాపు 245 వాట్లు. రోలు పెద్దగా ఉన్నా చిన్నగా ఉన్నా అంతే. కేటలాగులో టార్క్ ఒక్కటే చూడకుండా ఆ బ్రేక్ ఎన్ని వాట్లు ఆగకుండా తట్టుకుంటుందో కూడా చూసి, చాలకపోతే ఫ్యాన్ ఉన్నది తీసుకోవాలి. డ్రయర్ లేని కంప్రెసర్ గాలితో చల్లబరచొద్దు, తేమ పొడిలోకి వెళ్తుంది.

తేమతో మాకు వానాకాలం అంతా తగువే. ఆదివారం మెషీన్ ఆగి ఉంటే సోమవారం ఉదయం మొదటి రోలు కుదుపులతో తిరుగుతుంది, ఫిల్మ్ ఒక క్షణం వదులై మరుక్షణం టప్పున బిగుస్తుంది. మా ఆపరేటర్లు ఇప్పుడు ఫిల్మ్ ఎక్కించే ముందు తక్కువ కరెంటు మీద కాసేపు ఖాళీ షాఫ్ట్ తిప్పుతారు, పొడి సమంగా పరుచుకుంటుంది. కొత్త బ్రేక్ లారీలో పడి వచ్చినప్పుడు కూడా ఇదే చేయాలి. పొడి అరిగిందో లేదో తెలుసుకోవడానికి విప్పి చూడక్కర్లేదు. అదే జాబు, అదే టెన్షన్, అదే రోలు సైజుకి కంట్రోలర్ అవుట్‌పుట్ శాతం ఎంతో జాబ్ కార్డు మీద రాసుకోవాలి. మొదట్లో 30 ఉన్నది 45 అయిందంటే పొడి మార్చే రోజు వచ్చినట్టే. పాత పొడి తీస్తే తుప్పు రంగులో, వేలికి జిగురుగా అంటుకుంటుంది.

లోడ్ సెల్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, బిగించే చోటు సరిగ్గా ఉంటే. రోలు నుంచి ఫిల్మ్ దిగే మొదటి రోలరు కింద పెట్టకూడదు. రోలు తగ్గేకొద్దీ ఫిల్మ్ వచ్చే కోణం మారి, టెన్షన్ మారకపోయినా అంకె మారుతుంది. రెండు స్థిరమైన రోలర్ల మధ్య ఉన్నదాని కింద పెట్టాలి. కాలిబ్రేషన్ సులువే. ముందు ఖాళీ రోలరుతో జీరో సెట్ చేస్తాం. ఫిల్మ్ వెళ్లే దారిలోనే రోలరు నడిమధ్య నుంచి తాడు పోనిచ్చి, ఒక కొస కట్టేసి, రెండో కొసకి 10 కేజీల తూకం రాయి వేలాడదీస్తాం. స్క్రీన్ 10 చూపించేలా స్పాన్ సరిచేస్తే అయిపోయింది. తాడు తగిలే రోలర్లన్నీ చేత్తో తేలిగ్గా తిరగాలి. ఒక్క బేరింగ్ బిగుసుకున్నా లెక్క తప్పే వస్తుంది. మా సీనియర్ ఆపరేటర్ ఇప్పటికీ రెండు రోలర్ల మధ్య ఫిల్మ్‌ని అరచేత్తో తట్టి చూసి, తర్వాతే స్క్రీన్ చూస్తాడు. రెండూ కలవకపోతే నేను ముందు అనుమానించేది స్క్రీన్‌నే.

ఇది చేయలేని పని ఒకటుంది. గోడౌన్‌లో నేల మీద పడుకోబెట్టిన రోలుకి ఒక పక్క చదును పడుతుంది. అలాంటిది ఎక్కిస్తే తిరిగిన ప్రతిసారీ ఒక కుదుపు. 600 మిల్లీమీటర్ల రోలు 150 మీటర్ల వేగంలో నిమిషానికి 80 చుట్లు తిరుగుతుంది. అంత తొందరగా వచ్చే కుదుపుని లోడ్ సెల్ చూడగలదు గానీ పౌడర్ బ్రేక్ సర్దలేదు, కాయిల్ స్పందించేలోపు ఆ చదును దాటిపోతుంది. గెయిన్ (తేడాకి కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) పెంచితే దిద్దుకుంటుందని పెంచేస్తారు, అప్పుడు మంచి రోలు కూడా ఊగడం మొదలుపెడుతుంది. దీనికి మందు గాలి సిలిండర్ మీద ఆడే డాన్సర్ రోలరు. కుదుపు వస్తే అది కదిలి మింగేస్తుంది. మాకది లేదు కాబట్టి అలాంటి రోలు వస్తే వేగం తగ్గించి నడుపుతాం.

రివైండర్ వైపు టేపర్ సెట్టింగ్ నాకు చాలా నచ్చింది. కోర్ దగ్గర గట్టిగా మొదలుపెట్టి, రోలు పెరిగేకొద్దీ టెన్షన్ దానంతటదే తగ్గిస్తుంది. పాలిస్టర్‌కి మేము 25 నుంచి 30 శాతం మధ్య పెడతాం. టేపర్ లేకుండా చుడితే బయటి పొరలు లోపలి పొరలని నొక్కి, రోలు పక్కన నక్షత్రంలా గీతలు వస్తాయి, ఇంకు సరిగా ఆరకపోతే పొరలు అంటుకుంటాయి. మరీ వదులుగా చుడితే స్లిట్టింగ్ (రోలుని సన్నగా కోసే) వాళ్ల దగ్గర రోలు టెలిస్కోప్‌లా పక్కకి జారి, వాళ్లు మన మీదికొస్తారు. ఈ గొడవలు బాగా తగ్గాయి.

సర్వీసు మాత్రం నిరాశే. పారామీటర్లకి పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోయారు. గెయిన్ మార్చాలన్నా ఇంజనీర్ రావాలి, ఆయన ఫోన్ ఎత్తే రోజు ఎత్తుతాడు. ఆఖరికి గట్టిగా అడిగితే వాట్సాప్‌లో పంపారు. కొనేవాళ్లు చివరి చెల్లింపు ఆపి పాస్‌వర్డ్, పారామీటర్ల లిస్టు కాగితం మీద తీసుకోండి.

రెండో మెషీన్‌కి ఇప్పుడు కొటేషన్లు తెప్పిస్తున్నాం. సర్వో అన్‌వైండర్ (బ్రేక్ బదులు మోటారుతో టెన్షన్ పట్టేది) ఖర్చు చూసి ఓనర్ వద్దన్నారు, మా వేగాలకి నాకూ అవసరం అనిపించలేదు. మళ్లీ పౌడర్ బ్రేకే, కానీ 50 న్యూటన్ మీటర్లది, ఫ్యాన్‌తో. రివైండర్‌కి లోడ్ సెల్ ఉంచి, అన్‌వైండర్‌కి డాన్సర్ అడిగాను.