బస్సు పార్శిల్లో వచ్చిన చేపలకు డ్రిప్ పెట్టకండి: పన్నెండులో పదకొండు పోయినయ్

హన్మకొండ, వరంగల్, కాజీపేటలో చేపలు పెంచే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు అందరికీ. బయటి ఊరి నుంచి చేపలు తెప్పించుకునే ఆలోచన ఉంటే పైసలు పంపకముందే ఇది చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగొద్దని రాస్తున్న.

మే నెలలో ఏంజెల్ చేప పిల్లలు పన్నెండు తెప్పించిన. ఒక్కోటి రూపాయి బిళ్లంత. ప్యాకింగ్, పార్శిల్ ఛార్జీ కలిపి 3,600 రూపాయలు, అంతా ముందే కట్టిన. పొద్దున వస్తదన్న డబ్బా హైదరాబాద్‌లో ఆగి, హన్మకొండ బస్టాండుకు చేరేసరికి సాయంత్రమైంది. కవర్లు కట్టినప్పటి నుంచి లెక్కేస్తే ముప్పై గంటలు దాటింది. థర్మాకోల్ మూత తీస్తే రెండు కవర్లు, ఒక్కోదాంట్లో ఆరు చేపలు. నీళ్లు కొంచెం పచ్చబడ్డయ్, అడుగున మలం కనబడ్డది. కానీ పన్నెండూ బతికే ఉన్నయ్. మా చిన్నది ఒక్కొక్కటి లెక్కబెట్టి ఎగిరి గంతేసింది.

డబ్బాలో అమ్మినాయన ఒక చీటీ పెట్టిండు. కవర్ విప్పి నీళ్లతో సహా బకెట్లో పొయ్యాలె, ట్యాంకు నీళ్లు సన్న పైపుతో చుక్క చుక్కగా రెండు గంటలు ఎక్కించాలె (దీన్నే డ్రిప్ అంటరు), గట్ల చెయ్యకుంటే గ్యారంటీ లేదు అని. నేను మెడికల్ షాపుకు పోయి సెలైన్ పైపు కొనుక్కొచ్చిన. చీటీలో ఉన్నది ఉన్నట్టు చేసిన. గాలి అందాలని బకెట్లో ఎయిర్ స్టోన్ కూడా వేసిన.

నలభై నిమిషాలకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్. మొప్పలు ఎర్రగా అయినయ్. గంట దాటేసరికి నాలుగు పక్కకు ఒరిగినయ్. నాకు కాళ్లు చేతులు ఆడలేదు, డ్రిప్ ఇంకా స్పీడు పెంచిన. రాత్రికి తొమ్మిది పోయినయ్, తెల్లారి ఇంకో రెండు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "డబ్బా చేరినప్పుడు బతికే ఉన్నయ్ కదన్నా, విప్పని కవర్లో చచ్చిపోతేనే మా పూచీ" అన్నడు. చీటీ సంగతి ఎత్తితే ఫోన్ పెట్టేసిండు. మనిషి పేరు, ఊరు పేరు ఇక్కడ రాయను. ఆ చీటీ మాత్రం ఎవరి డబ్బాలో వచ్చినా నమ్మకండి.

ఎందుకు చచ్చిపోయినయో కాజీపేటలో చాలా ఏండ్ల నుంచి చేపలు పెంచే ఒక పెద్దమనిషి కూసోబెట్టి చెప్పిండు. మూసిన కవర్లో చేప ఊపిరి వదులుతుంటే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటది, దాంతో నీళ్ల పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉన్నయో చెప్పే కొలత) పడిపోతది. అదే నీళ్లలో చేప వదిలిన అమ్మోనియా కూడా పెరుగుతుంటది. పీహెచ్ తక్కువున్నంత సేపు ఆ అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటది, చేపకు పెద్దగా హాని చెయ్యది. కవర్ విప్పినమా, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతది, పీహెచ్ పైకి లేస్తది, అమ్మోనియం మళ్లీ విషపు అమ్మోనియాగా మారుతది. పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే ఆ విషం సుమారు పదింతలైతది. నీళ్లు వేడిగా ఉంటే ఇంకా ఎక్కువ. మా బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర. అంటే నేను చుక్క చుక్కగా పోసింది పీహెచ్‌ను పెంచే నీళ్లు, ఎయిర్ స్టోన్ వేసింది కార్బన్ డయాక్సైడ్‌ను తొందరగా తరిమేటందుకు. ఆ బకెట్లో రెండు గంటలు ఉంచి చేపల్ని నా చేతులతోనే చంపుకున్న. బకెట్ నీళ్లు సీసాలో పట్టి అమ్మోనియా టెస్ట్ కిట్ వేస్తే ముదురు ఆకుపచ్చ వచ్చింది, అంటే అమ్మోనియా బాగా ఎక్కువున్నట్టు. ఆ రంగు ఇప్పటికీ కండ్ల ముందే ఉంది.

ఇంకో మాట. యాంటీ క్లోరిన్ చుక్కలు వేసినం కదా అనుకోకండి. మామూలుగా దొరికే సోడియం థయోసల్ఫేట్ నల్లా నీళ్లలోని క్లోరిన్‌ను తీస్తది గానీ అమ్మోనియాను ఏమీ చెయ్యలేదు.

ఆగస్టులో ఇంకొకాయన దగ్గర మళ్లీ ఆరు తెప్పించిన. ఈసారి ముందే ఆయన ట్యాంకు పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) అడిగి, మా బోరు నీళ్లలో ఆర్వో నీళ్లు కలుపుకుంట టీడీఎస్ పెన్నుతో చూసి, దాదాపు అంతే వచ్చేటట్టు ఒక టబ్బు తయారు పెట్టుకున్న. పాత ట్యాంకులో నడుస్తున్న స్పాంజ్ ఫిల్టర్ తెచ్చి అందులో వేసిన. డబ్బా రాంగనే ముందు విప్పని కవర్లను నాలుగు దిక్కుల నుంచి వీడియో తీసిన. లైట్లు ఆర్పేసి, కవర్లు విప్పకుండనే టబ్బులో ఇరవై నిమిషాలు తేలేసిన, వేడి సమానమయ్యేటందుకు. తర్వాత కవర్ కోసి, వెంటనే చేపల్ని మెత్తటి జాలితో పట్టి టబ్బులో వదిలిన. కవర్ నీళ్లు ఒక్క చుక్క కూడా టబ్బులో పడనియ్యలే, బయట పారబోసిన. ఆ రోజు మేత వెయ్యలేదు. ఆరుకు ఆరూ బతికినయ్. మూడు వారాలు ఆ టబ్బులోనే ఉంచి, తెల్లమచ్చ రోగం లేదని చూసుకున్నంకనే పెద్ద ట్యాంకుకు మార్చిన.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. కవర్ విప్పంగనే పీహెచ్ కొలిచి "ఆరున్నర ఉంది, మా ట్యాంకు ఎనిమిది, ఇంత తేడానా" అని భయపడి మళ్లీ డ్రిప్ పెడతరు. కవర్లో కనబడేది ప్రయాణంలో పడిపోయిన పీహెచ్. చేప పెరిగిన నీళ్ల పీహెచ్ ఎంత, టీడీఎస్ ఎంత అన్నదే మనకు లెక్క. టబ్బును దానికి దగ్గరగా ముందే పెట్టుకుంటే డ్రిప్‌తో పనే పడదు.

మన ఊళ్లో షాపు నుంచి అరగంటలో ఇంటికి తెచ్చుకున్న చేపలకు ఈ భయం లేదు. అంతలో అమ్మోనియా పెద్దగా చేరది, కవర్ తేలేసి కొంచెం కొంచెం నీళ్లు కలిపినా ఏం కాదు. నేను చెప్పేది రాత్రంతా, పగలంతా మూతపడి వచ్చిన కవర్ల గురించి. ఎండాకాలంలో అయితే అసలే తెప్పించుకోవద్దంట నేను. వరంగల్‌లో మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటే రోజులుంటయ్, మన డబ్బా బస్టాండులో ఏ మూల ఎండలో పెట్టిండ్రో మనకు తెల్వది.

ఆర్డర్ పెట్టే ముందు ఫోన్లో ఇవి అడగండి. ప్యాకింగ్‌కు ముందు ఒక రోజన్నా మేత ఆపిండ్రా? ఆపకుంటే కవర్లోనే మలం, అమ్మోనియా పెరుగుతయ్, నా డబ్బాలో అడుగున కనబడ్డది అదే. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్ పడుతుండ్రా? ఏ గంటకు కట్టి, ఏ బస్సుకు వేస్తుండ్రు? మీ ట్యాంకు పీహెచ్, టీడీఎస్ ఎంత? దారిలో చచ్చిపోతే ఒప్పుకుంటరా, చేరిన ఎన్ని గంటల దాకా? ఈ చివరిదానికి జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి. "మీకెందుకన్నా ఇవన్నీ, నేను చూసుకుంట" అంటే పైసలు పంపకండి.