బేరోమీటర్ ఉన్న నా పాత ఫోన్: ఇన్నేళ్లు వాడాక నా మాట

కెమెరా, ర్యామ్, గేమింగ్ గురించి కావాలంటే వేరే రివ్యూలు బోలెడున్నాయి, నన్ను అడక్కండి. కంపెనీ పేరు కూడా చెప్పట్లేదు, ఆ మోడల్ ఇప్పుడు కొత్తది దొరకదు, నేనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. దీన్ని ఇంకా వదల్లేకపోతున్నది ఒక్కదాని కోసం, లోపలున్న బేరోమీటర్. గాలి పీడనం కొలిచే చిన్న చిప్ అన్నమాట. చాలామందికి తమ ఫోన్‌లో ఇది ఉందో లేదో కూడా తెలీదు. నేను వైజాగ్‌లో వాతావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నా కాబట్టి నా గోల వేరు.

మన ఉష్ణమండలంలో పీడనం రోజుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుందని పీజీలోనే చెప్పారు. పొద్దున పదికి, రాత్రి పదికి ఎక్కువ, తెల్లారుజామున నాలుక్కి, సాయంత్రం నాలుక్కి తక్కువ. పరీక్షలో రాశాం, మర్చిపోయాం. ఈ ఫోన్‌లో రీడింగులు నమోదు చేసే లాగింగ్ యాప్ ఒకటి వేసి టేబుల్ మీద కదపకుండా వదిలేసి కొన్నాళ్లకి గ్రాఫ్ తెరిస్తే అదే అల, రోజుకి రెండు గుట్టలు రెండు గుంటలు, తేడా మహా అయితే మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ (పీడనం కొలిచే యూనిట్), కానీ ఎంత శుభ్రంగా ఉందో! ఇది సముద్రపు పోటులా చంద్రుడి పని కాదు, పైనున్న ఓజోన్, కిందున్న నీటి ఆవిరి ఎండకి వేడెక్కడం వల్ల వచ్చేది. ఆ రోజు హాస్టల్లో అందరికీ చూపించా, ఒక్కరూ పట్టించుకోలేదు, అది వేరే విషయం.

ఇదంత సంబరం ఎందుకంటే, వాతావరణం చదువుతున్నాం అంటే ఊళ్లో వాళ్లు మేం రోజూ మబ్బులు చూస్తూ కూర్చుంటాం అనుకుంటారు. నిజానికి రాత్రి వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ డబ్ల్యూఆర్‌ఎఫ్ రన్ పెట్టి పడుకోవడం, పొద్దున లేచి చూస్తే టైమ్ స్టెప్, అంటే మోడల్ ఒక్కో అడుగులో ముందుకెళ్లే సమయం, మరీ ఎక్కువైందనే సీఎఫ్ఎల్ ఎర్రర్‌తో అది మధ్యలోనే ఆగిపోయి ఉండటం, టైమ్ స్టెప్ తగ్గించి మళ్లీ పెట్టడం, మెస్‌లో ఇడ్లీ అయిపోకముందే పరిగెత్తడం, ఇదీ మా చదువు. రోజంతా చూసేది కంప్యూటర్ లెక్కగట్టిన గాలినే. బయట వీస్తున్న గాలి గురించి నాకు చెప్పేది ఈ ఫోన్ ఒక్కటే. ల్యాబ్‌కి మూడు అంతస్తుల మెట్లెక్కితే ఒక హెక్టోపాస్కల్ పైచిలుకు తగ్గుతుంది. అరకు రైల్లో వెళ్తే బొర్రా దాటే లోపే అంకె అలా జారుతూనే ఉంటుంది, చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతూ ఉంటుంది.

ఇక మిచౌంగ్ సంగతి. 2023 డిసెంబర్ మొదట్లో తుఫాను బాపట్ల వైపే వస్తోందని తెలిసిపోయింది, మా ఇల్లు చీరాల. ఇంకో ఫోన్ ఉంది కాబట్టి దీంట్లో సిమ్ తీసేసి, ఊరెళ్తున్న మా బాబాయి కొడుకు చేత నాన్నకి పంపించా. లాగింగ్ ఆన్ చేసే పంపా. ‘నాన్నా, దాన్ని ముట్టుకోకుండా ఒకచోట ఉంచండి, ఆ నంబర్ తగ్గుతుంటే తుఫాను దగ్గరికొస్తున్నట్టు, పెరగడం మొదలైతే దాటినట్టు’ అని ఫోన్లో చెప్పానంతే. 5వ తేదీకి కరెంట్ లేదు, సిగ్నల్ లేదు, ఇక్కడ నాకు కాలూచెయ్యీ ఆడలేదు.

ఫోన్ తిరిగొచ్చాక ఫైల్ తెరిస్తే 4వ తేదీ రాత్రితో ఆఖరు! బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అయిపోయి యాప్‌ని చంపేసింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ని ముట్టుకోవద్దని చెప్పి ఉంచినా సరే. ఇన్నేళ్లలో ఈ ఫోన్‌ని గోడకేసి కొట్టాలనిపించింది అప్పుడే.

కానీ ఫోన్‌తో పాటు ఒక క్యాలెండర్ కాగితం కూడా మడతపెట్టి పంపారు నాన్న. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, అంకె కనపడితే రాయకుండా ఉండలేరు. పొద్దున చూస్తే గ్రాఫ్ కదలట్లేదట, యాప్ మళ్లీ తెరిస్తే నంబరైతే వస్తోందని, అరగంటకోసారి టైమూ అంకే నవంబర్ పేజీ వెనక బాల్‌పెన్నుతో రాసుకుంటూ పోయారు. రెండో వరుస దగ్గర వాన చినుకులు పడి ఇంకు అలుక్కుపోతే పక్కనే మళ్లీ రాసి కింద గీత కొట్టారు. 1000 కిందకి దిగి, ఇంకా దిగి, మధ్యాహ్నం దాటాక ఎక్కడం మొదలైంది. మామూలు రోజైతే నాలుగు దాకా తగ్గాల్సిన టైమ్ అది! అక్కడ ‘పెరుగుతోందమ్మా’ అని కూడా రాశారు. తుఫాను బాపట్లకి దక్షిణంగా 12.30, 2.30 మధ్య తీరం దాటిందని వాతావరణ శాఖ (ఐఎండీ) చెప్పింది, నాన్న అంకెల అడుగు కూడా ఆ మధ్యలోనే ఉంది. నేను వేసిన మోడల్ రన్‌లో మాత్రం టైమ్ తేడా కొట్టింది.

ఇంత పొగిడాక రెండు మాటలు ఒప్పుకోవాలి. దీని అసలు విలువ నమ్మొద్దు, డిపార్ట్‌మెంట్‌లో బేరోమీటర్ పక్కన పెడితే ఎప్పుడూ కొంచెం తక్కువే చూపిస్తుంది. పెరిగిందా తగ్గిందా అన్నదే దీంతో పని. ఛార్జింగ్‌లో వేడెక్కితే ఆ కాస్త నమ్మకం కూడా పోతుంది. ఇంకో తమాషా, నీళ్లు పోకుండా సీల్ చేసిన ఫోన్ కదా, స్క్రీన్ గట్టిగా నొక్కితే లోపలి గాలి ఒత్తుకుని రీడింగ్ ఎగిరేది. ‘ఏంటే, తుఫాను నువ్వే తెప్పిస్తున్నావా’ అని రూమ్మేట్ ఏడిపించేది. పోయినేడాది బ్యాటరీ ఉబ్బితే బజార్లో మార్పించా, వెనక కవర్ సరిగ్గా అతకలేదు, దాంతో ఆ ఎగరడం పోయింది! వాటర్‌ప్రూఫ్ కూడా పోయిందనుకోండి.

కొనమంటారా అంటే, ఒకప్పుడు కనపడిన ప్రతి జూనియర్‌కీ బేరోమీటర్ ఉన్న ఫోనే కొను అని చెప్పేదాన్ని, ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పను. రేపు వాన పడుతుందా లేదా అన్నదే కావాలంటే ఐఎండీ బులెటిన్ చాలు, దీనికి డబ్బు దండగ. మా లైన్‌లో ఉన్నవాళ్లో, తీరం దగ్గర ఉండి కాస్త అంకెల పిచ్చి ఉన్నవాళ్లో అయితే, కొనేముందు సెన్సార్ల లిస్టులో ఇది ఉందో లేదో చూసుకోండి, చవక ఫోన్లలో చాలావాటికి ఉండదు. నాకైతే ప్రస్తుతానికి ఇదే నడుస్తోంది. ఇంకోసారి బ్యాటరీ పోతే మార్పిస్తానా వదిలేస్తానా అన్నది ఆ నెల ఫెలోషిప్ పడిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.